గుర్రానికి ఒక పూట మేత

మా ఆయనకు ఒక జబ్బు ఉంది. కళ్ళెదుట ఏ జీవి కనబడినా దాని నోట్లో ఏదో ఒకటి పెట్టకపోతే ఆయన చెయ్యి ఊరుకోదు. వీధి కుక్కకు రొట్టె, పిల్లికి పాలు, ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చినవాడికి రెండు గ్లాసుల మజ్జిగ. పాలవాళ్ళ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. బర్రె ఎంత తింటే అన్ని పాలు, ఎన్ని పాలు ఇస్తే అంత ఇల్లు గడవడం. కాబట్టి ఆ ఇంట్లో ప్రేమంటే తినబెట్టడమే. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నాకూ అదే మర్యాద జరిగింది. చాలని చెయ్యి అడ్డం పెడితే మా అత్త అలిగేది. ఆ అలక తీర్చడానికి ఇంకో ముద్ద తినాల్సి వచ్చేది.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆ గుణం మా ఆయన ఒక్కడిదే అయితే తిట్టి ఊరుకునేదాన్ని. మా బస్తీ మొత్తానిదీ అదే గుణం.

పాతబస్తీలో మా ఇల్లు, ఇంటి వెనక బర్రెల కొట్టం. ఒకప్పుడు కొట్టం నిండా బర్రెలు ఉండేవి. చుట్టూ మేడలు లేచాయి, పచ్చిగడ్డి దొరకడం కష్టమైంది, పేడ ఎక్కడ వెయ్యాలన్నా పక్కింటివాళ్ళతో లొల్లి. ఒక్కొక్కటే అమ్మేశాం. చివరి బర్రెను బండి ఎక్కించిన రోజు మా ఆయన అన్నం ముట్టలేదు. నేను కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చాలాకాలం వండి, అప్పటికి రిటైరై ఇంట్లో ఉన్నాను. ఇంట్లో మేమిద్దరం, వెనక ఖాళీ కొట్టం, దాని ముందు కాస్త మట్టి జాగా. బండ్లు పెట్టుకోవడానికి ఆ జాగా అడగనివాడు లేడు.

ఆ రోజుల్లో ఒక ఫిజియోథెరపీ మేడమ్ మా తలుపు తట్టింది. కోస్తా వైపు అమ్మాయి, చిన్న వయసు, మా పక్క వీధిలోని క్లినిక్‌లో పని. కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలను గుర్రం మీద కూర్చోబెట్టి మెల్లగా నడిపిస్తే నడుము, మెడ గట్టిపడతాయని చెప్పింది. మెత్తటి నేల, కాస్త నీడ ఉంటే చాలట. ఆదివారం పొద్దున పూట మాత్రమేనట.

"గుర్రమెక్కితే రోగాలు పోతయా అమ్మా? గట్లయితే పెండ్లికొడుకులందరు సల్లగుండాలె గదా," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. "రోగం పోదు ఆంటీ. కూర్చోవడం వస్తుంది."

ఆ మాటకే నేను ఒప్పుకున్నాను. పోనిదాన్ని పోతుందని చెప్పే డాక్టర్లను మా చుట్టాల ఇళ్ళలో చాలామందిని చూశాను.

గుర్రం పెళ్ళిళ్ళదే. మా గల్లీ చివర ఒక ముసలి చాచా బరాత్‌లకు గుర్రాలు ఇచ్చేవాడు. పెళ్ళికొడుకులు పూలు కట్టిన కార్లలో రావడం మొదలయ్యాక ఆయన దగ్గర ఒక తెల్ల ఆడగుర్రం మాత్రం మిగిలింది. బ్యాండు మేళం, పటాకులు, మీద పడి ఫోటోలు దిగే బావమరుదులు, అన్నీ చూసి ఆరితేరిన గుర్రం. దేనికీ బెదరదు. చాచా దాన్ని తెచ్చి మా కొట్టంలో కట్టేశాడు. గుర్రం ఆయనది, జాగా మాది, పిల్లలు మేడమ్ తీసుకొచ్చినవాళ్ళు. అంతకుమించి మాకు ఆఫీసూ లేదు, బోర్డూ లేదు.

పని ఇలా ఉండేది. జీను వెయ్యం. వీపు మీద మందపాటి కంబళి, దాని మీద రెండు పిడులున్న బెల్టు. ముందు తాడు పట్టుకుని చాచా. పిల్లకు అటొకరు ఇటొకరు తొడ మీద చెయ్యి ఆనించి గుర్రంతోపాటు నడవాలి. కుడివైపు నేను, ఎడమవైపు మేడమ్. మా ఆయన నీళ్ళూ గడ్డీ చూసేవాడు. మేడమ్ పెట్టిన నియమం ఒక్కటే. ఎక్కిన పిల్ల అడిగితేనే గుర్రం కదలాలి. మాట ఉన్నవాళ్ళు "చల్" అనాలి. మాట లేనివాళ్ళు గుర్రం మెడ మీద తట్టాలి, అదీ రాకపోతే ఏదో ఒక చప్పుడు చెయ్యాలి. అడిగేదాకా ఎండలో అలా నిలబడే ఉండేవాళ్ళం. నాకు కాళ్ళు పీకి, "జెర నడిపియ్యరాదమ్మా, పిల్ల మొహం సూడు," అని గునిస్తే, "అడగనివ్వండి ఆంటీ," అనేది. మొండి ఘటం.

కొన్ని వారాలకు ఆ నియమం మా కంటే గుర్రానికే బాగా పట్టుబడింది. పిల్లల నోట్లోంచి "చల్" రావడమే ఆలస్యం, చాచా తాడు కదపకముందే దాని ముందు కాలు లేచేది. "షాదీలల్ల గింత మంచిగ మాట ఇనకపోయె," అని చాచా మురిసిపోయేవాడు.

వచ్చే పిల్లల్లో ఒక అమ్మాయి ఉండేది. తొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టేటప్పుడు మెదడుకు గాలి అందలేదట. రెండు కాళ్ళూ ఒకదాని మీద ఒకటి పడి కత్తెరలా బిగుసుకుని ఉండేవి. తల నిలిచేది కాదు, గడ్డం వచ్చి రొమ్ముకు ఆనేది. మాట అసలే లేదు. తండ్రి బేగంబజార్‌లో హమాలీ. తల్లి లాడ్ బజార్ దుకాణాలకు ఇంట్లోనే లక్క గాజుల మీద రాళ్ళు అతికించేది. ఆమె వేళ్ళ కొసలన్నీ వేడి లక్క అంటి కాలిన మచ్చలే. ఆ చేతులతోనే అంత పిల్లను భుజాన వేసుకుని ఆటో దిగేది. నేను ఎదురెళ్ళి అందుకోబోతే, "మీకు నడుము పడ్తది అక్కా, నాకలవాటే," అనేది.

మొదటి ఆదివారం పిల్ల ఏడ్చింది. రెండోసారి ఏడవలేదు. గుర్రం ఒళ్ళు మన ఒంటికన్నా వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనానికీ, నడకలో వచ్చే ఊపుకూ నా చేతికింద ఆ తొడ కొంచెం కొంచెంగా వదులవడం నాకు తెలిసేది. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండిముద్ద చేతిలో మెత్తబడ్డట్టు. ఎండాకాలం వచ్చేసరికి గడ్డం రొమ్ము మీది నుంచి లేచింది. గుర్రం చెవుల మధ్య నుంచి ముందుకు చూడటం నేర్చుకుంది. దిగగానే మళ్ళీ తల వాలిపోయేది. గుర్రం మీద ఉన్నంతసేపు మాత్రం నిటారుగా కూర్చునేది, చిన్న పెళ్ళికూతురిలా.

ఒక ఆదివారం ఎప్పటిలా ఎక్కించి, తడుతుందని ఎదురుచూస్తున్నాం. పిల్ల తట్టలేదు. పెదాలు బిగించింది, మెడ నరాలు లేచాయి. నేను భయపడి దించుదామనుకునేంతలో నోట్లోంచి "చ" అని వచ్చింది. ఒట్టి "చ". గుర్రం కాలు లేపి అడుగు వేసింది.

గోడ పక్కన నిలబడిన తల్లి అక్కడే మట్టిలో కూలబడింది. "అక్కా, ఇన్నరా? అన్నది గదా? ఇన్నరా మీరు?" అని ఒక్కొక్కరినీ అడిగింది.

"ఇన్న," అన్నాను. "గుర్రం గూడ ఇన్నది. నడుస్తలేదా?"

నాకూ ఏడుపొచ్చింది. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

సవారీ అయ్యాక ఆమె కొంగు ముడి విప్పింది. అందులో నానబెట్టిన శనగలు. పిల్ల తల చుట్టూ తిప్పి, అరచేతిలో పోసి గుర్రం నోటికి పట్టింది. అది ఒక్క గింజ వదలకుండా నాకేసింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె కొంగున శనగలు ఉండేవి. మేడమ్ చూసి, "పిడికెడే కదా, పర్లేదు," అంది.

ఇప్పుడు పైసల సంగతికి వస్తాను. రాకుండా ఉంటే బాగుండేది. గడ్డి కొనాలి, గిట్టలు చెక్కించాలి, దూరం నుంచి వచ్చే పిల్లల ఆటో ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. మేడమ్ తన జీతంలోంచి పెడుతోందని తెలిసి నాకు తిక్క రేగింది. ఆమెను వెంటబెట్టుకుని బేగంబజార్‌లో దుకాణం దుకాణం తిరిగాను. అందరూ కూర్చోబెట్టారు, చాయ్ తాగించారు, పిల్లల ఫోటోలు చూసి కళ్ళు తుడుచుకున్నారు. పైసలు మాత్రం ఇవ్వలేదు. గిన్నెల దుకాణం ఆయన డజను స్టీలు గ్లాసులు ఇచ్చాడు. పప్పుల దుకాణం సేఠ్ ఒక బస్తా శనగలు ఆటోలో ఎక్కించాడు.

"సేఠ్, జెర రొక్కం ఇస్తే బాగుంటుండె," అన్నాను మొహమాటం లేకుండా.

"పైసలిస్తే ఎవరు తింటరో ఎవరికెరుక అమ్మా? గుర్రం నోట్ల పెడితే గుర్రమే తింటది," అన్నాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

అప్పుడు మేడమ్‌కు ఒక ఆలోచన వచ్చింది. "గుర్రానికి ఒక పూట మేత మీ పేరు మీద" అని కాగితాలు అచ్చు వేయించింది. తెలుగులో, ఉర్దూలో, కింద పైసలు పంపడానికి ఫోన్ నంబర్. చాచా గొంతుతో రికార్డు చేయించి ఆటోకు మైకు కట్టి తిప్పాం. ఒక పూట మేత ఇవ్వండి, ఒక బిడ్డను నిలబెట్టండి అని. చాచా గొంతు బరువుగా ఉంటుంది. వింటే రాయి కూడా జేబులో చెయ్యి పెట్టాలి.

ఎవరూ జేబులో చెయ్యి పెట్టలేదు. అందరూ వంటింట్లోకి వెళ్ళారు.

మర్నాడు పొద్దున గేటు తెరిస్తే బయట నలుగురు ఆడవాళ్ళు. ఒకామె చేతిలో బెల్లం, ఇంకొకామె చేతిలో రొట్టెలు, మిగతా ఇద్దరివి నానిన శనగల గిన్నెలు. కింద నంబరుంది, దానికి పంపండి అన్నాను. చూశామన్నారు. చూసే వచ్చామన్నారు. ఫోన్‌లో పంపితే పుణ్యం ఫోన్‌కే పోతుందన్నారు. మా దగ్గర దానం అంటే తమ చేత్తో పెట్టాలి, అది నమలడం తమ కళ్ళతో చూడాలి. ఒంట్లో బాగాలేనివాళ్ళ తల చుట్టూ తిప్పి మూగజీవానికి పెట్టడాన్ని చాచావాళ్ళు సద్కా అంటారు, మావాళ్ళు దిష్టి తీయడం అంటారు. చేసే పని ఒకటే. పైగా ఇది మామూలు గుర్రం కాదన్న మాట అప్పటికే గల్లీలు దాటింది. మాట రాని పిల్లకు మాట తెప్పించిన గుర్రమట. పిల్లల బాధలను వీపు మీద మోసే గుర్రమట. దానికి పెడితే మన బాధలూ మోస్తుందట.

ఇక రావడం మొదలుపెట్టారు. గురువారం ఒక గుంపు, శుక్రవారం నమాజు కాగానే ఇంకో గుంపు, శనివారం మావాళ్ళు. పరీక్ష రాసే పిల్ల, కోర్టు కేసున్న ముసలాయన, గర్భం నిలవని కోడలిని తీసుకొచ్చిన అత్త. నేను గేటు దగ్గర నిలబడి అరిచేదాన్ని. "ఇది గుడి గాదు, దర్గా గాదు, బర్ల కొట్టం! పొండ్రి!" అని. ఎవరూ కోపం తెచ్చుకునేవాళ్ళు కాదు. ముసలామెకు బీపీ ఉన్నట్టుంది అని నా తల చుట్టూ కూడా నాలుగు శనగలు తిప్పి గుర్రానికి పెట్టిందొకామె. అలాంటివాళ్ళను ఏమని తిట్టాలి?

గుర్రానికి ఏమీ పెట్టవద్దని మేడమ్ బోర్డు రాసి పెట్టింది. బోర్డు కింద గిన్నెలు పెట్టుకుని వరసలో నిలబడ్డారు. మేతంతా డ్రమ్ములో పోయండి, మేమే కొలిచి పెడతామంది. సగం డ్రమ్ములో పోసి, సగం కొంగులో దాచి, మేం అటు తిరగ్గానే పెట్టేవాళ్ళు. చాచాను పిలిచి, "నీ గుర్రం, నువ్వన్న చెప్పు," అన్నాను.

"సద్కాకు నక్కో, వద్దు అని ఎట్ల చెప్పాలమ్మా?" అన్నాడు. "బిడ్డ పానం బాగలేదని ఏడ్చుకుంట వస్తరు. నా నోటికి రాదు."

మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. మాయమైపోయిన పండుగ మళ్ళీ వచ్చినట్టుండేది ఆయన మొహం. "గుర్రం పక్కలు నిండినయ్ సూడు, మస్తు మెరుస్తుంది," అని దాని వీపు నిమిరేవాడు. బర్రెలను మేపిన కళ్ళతో చూస్తే నిజంగానే బాగుంది. ఆయన, నేను, చాచా, ఎవరం చూసినా బాగానే కనబడింది. మేడమ్ ఒక్కతే, "తగ్గించాలి ఆంటీ, తగ్గించాలి," అని సణిగేది. గుర్రం బలిసిందని సణిగే మనిషిని మా ఇంట్లో మొదటిసారి చూశాం.

వానలు పడే రోజుల్లో ఒక పొద్దున గుర్రం నీళ్ళ తొట్టి దగ్గరికి రాలేదు. ముందు కాళ్ళు రెండూ చాపి, బరువంతా వెనక కాళ్ళ మీద వేసి, వెనక్కి ఒరిగినట్టు నిలబడి ఉంది. మా ఆయన మెడ పట్టుకుని ఒక అడుగు వేయించబోతే ఒళ్ళంతా వణికింది. గిట్టల మీద చెయ్యి పెట్టి చూశాను. అప్పుడే పొయ్యి మీది నుంచి దించిన గిన్నెలా ఉన్నాయి.

పశువుల డాక్టర్ వచ్చాడు. చూసిన వెంటనే, "ఏం పెడ్తున్నరు దీనికి?" అని అడిగాడు. మా ఆయన సంతోషంగా అన్నీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ డాక్టర్ మొహం మారిపోవడం చూసి మధ్యలో ఆగిపోయాడు.

"పెద్దమనిషీ, బర్రె తిన్నది నెమరేసుకుంటది. గుర్రం నెమరెయ్యదు. గింజలెక్కువైతే కడుపుల పులిసి, ఆ విషం గిట్టలకు దిగుతది. గిట్ట లోపలి పొర వాచింది. అది నిలబడ్డదంటే పుండు మీద నిలబడ్డట్టే."

"ఎప్పటికి తగ్గుతుంది సార్?" అని మేడమ్ అడిగింది.

"నడుస్తదో లేదో నెలలు ఆగి చెప్పాలె. మనిషిని మోసుడు మాత్రం ఇగ మర్చిపోండ్రి."

మా ఆయన గోడకు ఆనించి ఉన్న శనగల బస్తా మీద కూర్చున్నాడు, మళ్ళీ చటుక్కున లేచి కింద కూర్చున్నాడు.

గింజలన్నీ బంద్. ఎండు గడ్డి మాత్రమే, అదీ తూచి. కొట్టంలో మోకాలి లోతున ఇసుక పోయించాం. చేపల మార్కెట్ నుంచి ఐసు తెచ్చి బకెట్లలో వేసి గిట్టలు ముంచాం. అది మా చేతిని కాదనలేదు, ఒక్కసారి కూడా తన్నలేదు. పెళ్ళి గుర్రం కదా, ఎవరేం చేసినా నిలబడటం అలవాటు. తర్వాత ఎక్కువసేపు పడుకునే ఉండేది.

సూదులు, మందులు ఖరీదైనవి. మా దగ్గర మిగిలింది సేఠ్ ఆ తర్వాత కూడా పంపుతూ వచ్చిన శనగల బస్తాలే. మా ఆయన వాటిని ఆటోలో వేసుకుని సేఠ్ దగ్గరికి పోయాడు, వాపసు తీసుకుని పైసలివ్వమని. సేఠ్ రెండు చేతులూ జోడించాడట. ఒకసారి దానమిచ్చిన మాల్ మళ్ళీ దుకాణంలోకి తీసుకుంటే తనకు మంచిది కాదన్నాడట. ఆటో కిరాయి తనే ఇచ్చి బస్తాలతోపాటు తిప్పి పంపాడు. మా ఆయన వాటిని మళ్ళీ తెచ్చి గోడకు ఆనించాడు. నేను నవ్వలేక ఏడవలేక చూశాను.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. గుర్రానికి బాగాలేదన్న సంగతి బస్తీలో తెలిసింది. అందరూ కదిలిపోయారు. గుర్రం బాగుపడాలని గుర్రానికే సద్కా తెచ్చారు.

నేను గేటుకు తాళం వేశాను. గోడ మీద నుంచి విసిరారు. నేను చీపురు పట్టుకుని మట్టిలో పడిన శనగలూ బెల్లం ముక్కలూ ఊడుస్తూ, ఊడుస్తూనే గొంతు పోయేలా అరిచాను. "మీ కాళ్ళు మొక్కుత, పెట్టకుండ్రి! గది తినే గిట్లయింది!" గోడ అవతల నుంచి ఒక ఆడ గొంతు నెమ్మదిగా, "గట్లనకమ్మా, తింటేనే గదా బలమొస్తది," అంది. ఆమె మొహం కూడా నాకు కనబడలేదు. చీపురు అక్కడే పారేసి కూర్చున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియనప్పుడు మనిషికి ఒంట్లో సత్తువ పోతుంది.

మేడమ్ వేరే గుర్రం కోసం తిరిగింది. సిటీకి అటు చివర గుర్రాలున్న ఫామ్ ఒకటి ఉందట. రానూ పోనూ ఆటోకే ఆ గాజుల పని ఆమె వారం సంపాదన పోతుంది. చాచాకు తెలిసిన గుర్రాలు బ్యాండు మేళానికి ఎగిరేవి. వాటి మీద పిల్లలను ఎక్కించే ధైర్యం ఎవరికీ లేదు. ఆదివారాలు ఆగిపోయాయి.

ఒక మధ్యాహ్నం ఆ తల్లి ఒక్కతే వచ్చింది. గేటు లోపలికి వచ్చి నిలబడింది, గుర్రం వైపు చూడలేదు.

"డాక్టర్ సాబ్ శనగలతోనే అయిందన్నడంట గదా అక్కా. నేను పెట్టినవి గూడనా?"

"నీది పిడికెడు," అన్నాను. "పిడికెడుతోని ఏం కాదు. బస్తాలు బస్తాలు పెట్టినోళ్ళున్నరు."

"ఫస్టు పెట్టింది నేనే గదక్కా."

నేను ఆమె చేతుల వైపు చూస్తూ నిలబడ్డాను, క్యాంటీన్‌లో అంతమంది నోళ్ళు మూయించినదాన్ని. ఆమె కాలిన వేళ్ళు కొంగు కొసను మెలితిప్పుతూ ఉన్నాయి. ఇంట్లో పిల్ల ఎట్లుంది అని అడిగాను. కాళ్ళు మళ్ళీ బిగుసుకుంటున్నాయంది. ఆదివారం పొద్దున తలుపు వైపు చూసి కేకలు పెడుతోందంది. కేకలే, మాట కాదు.

"ఒక్కసారి తీస్కొచ్చి చూపియ్యనా అక్కా? ఎక్కియ్యను. జెర చెయ్యి పెట్టిస్త, గంతే."

వద్దనడానికి నాకేం హక్కుంది? తీసుకురమ్మన్నాను.

ఆదివారం తీసుకొచ్చింది. మేడమ్ కూడా వచ్చింది. గుర్రం ఇసుకలో కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. చాచా దాని తల దగ్గర గొంతుక్కూర్చుని ఈగలు తోలుతున్నాడు. పక్కన చాప పరిచి పిల్లను ఒరిగించి కూర్చోబెట్టాం, తల్లి వెనక నుంచి పట్టుకుంది. తల మళ్ళీ మునుపటిలాగే వాలిపోయి ఉంది. మేడమ్ ఆ చిన్న చెయ్యి తీసి గుర్రం జూలు మీద పెట్టింది. గుర్రం ఊపిరి, పిల్ల ఊపిరి, అంతే. మా ఆయన దూరంగా కొట్టం గుంజ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన చేతులు ఖాళీగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

పిల్ల వేళ్ళు జూలులో ముడుచుకున్నాయి. గడ్డం రొమ్ము మీది నుంచి లేచింది. ఊగుతూ ఊగుతూ లేచి నిలిచింది. గుర్రం చెవుల వైపు చూసింది. పెదాలు బిగించింది. మెడ నరాలు లేచాయి.

"చల్," అంది.

ఒట్టి "చ" కాదు. పూర్తి మాట. గుంజ దగ్గరున్న మా ఆయనకు కూడా వినబడింది.

మాలో ఎవరమూ సంతోషించకముందే గుర్రం చెవులు రెండూ ఇటు తిరిగాయి. ముడుచుకున్న ముందు కాళ్ళు బయటికి చాపింది. చాచా "అరే, బైఠ్, బైఠ్ బేటీ," అని మెడ మీద పడ్డాడు. ఆగలేదు. ఆయనను తోసుకుంటూనే ఇసుక తన్ని లేచింది. నాలుగు కాళ్ళూ వణుకుతూ నిలబడింది, ఆ గిట్టల మీద. నిలబడి, నియమం ప్రకారం, ముందు కాలు లేపింది. లేపిన కాలు కింద పెట్టలేక అలాగే గాల్లో పట్టుకుంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

పిల్ల మొహమంతా నవ్వు. ఎప్పుడూ ఇలాగే కదా, తను అడుగుతుంది, అది కదులుతుంది. ఇంకా కదలట్లేదు కాబట్టి ఇంకొంచెం గట్టిగా అడగాలనుకుంది. నోరు తెరిచింది.

"చల్! చల్!"

గుర్రం ఆ కాలు ఇసుకలో మోపింది. దాని గొంతులోంచి వచ్చిన చప్పుడు ఎలాంటిదో నేను రాయలేను.

పిల్ల మూడోసారి నోరు తెరవబోతుంటే ఆ తల్లి గబుక్కున చెయ్యి వేసి మూసేసింది. ఆ నోటి నుంచి ఒక్క మాట కోసం ఆమె మొక్కని గుడి లేదు, కట్టని దారం లేదు. ఇప్పుడు ఆ నోటినే కాలిన వేళ్ళతో అదిమిపట్టింది. "అనకు బిడ్డా, అనకు, నీ కాళ్ళు మొక్కుత, అనకు," అంటోంది. వేళ్ళ సందుల్లోంచి పిల్ల ఇంకా ఆ మాటే అనడానికి చూస్తోంది.